పార్కులో కట్టిన పసుపుతాడు

నరసన్నపేట,
22 ఫిబ్రవరి 2004

బ్యూలా గారికి,

కవరు మీద చేతిరాత చూసి చింపేయకుండా ఇంతవరకు వచ్చారంటే నాకదే పదివేలు. మీ ఇంటికి ఫోన్ చేశాను. మీ నాన్నగారు ఎత్తి, నా గొంతు విని, ఏమీ అనకుండా పెట్టేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. మీ సెల్ ఆపేసి ఉంది. ఆఫీసులో సుధని అడిగితే మీరు అల్వాల్‌లో లేరనీ, మల్కాజ్‌గిరిలో మీ పిన్ని దేవకృప గారింట్లో ఉన్నారనీ చెప్పి ఈ అడ్రసు ఇచ్చింది.

నేను మా ఊరు వచ్చేశాను. పారిపోయి వచ్చానని మీరనుకుంటే కాదనను. రూముకి కూడా వెళ్లకుండా, ఒంటి మీది బట్టలతో విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టె ఎక్కేశాను.

ఆ శనివారం తర్వాత మనం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాకు గుర్తున్నది రాస్తాను, మీకు వేరేలా గుర్తుంటే దిద్దండి. అది తలలో తిరిగి తిరిగి, ఏది జరిగిందో, ఏది నేను ఊహించుకున్నానో నాకే తెలియడం లేదు.

మధ్యాహ్నం ఆఫీసు అయ్యాక ఎప్పటిలాగే చెరువు గట్టు పక్క పార్కుకి నడిచాం. మీరు మొక్కజొన్న కంకి కొని సగం విరిచి నాకిచ్చారు. వాలంటైన్స్ డే అన్న సంగతి మీకు గుర్తున్నట్టు లేదు. నాకు గుర్తుంది, కానీ మనం ఏడాదిగా నడుస్తున్న చోటే కదా అనుకున్నాను. అప్పుడు మెడలో కండువాలు వేసుకున్న కుర్రాళ్లు బైకుల మీద వచ్చారు. వెనకాలే టీవీ కెమెరా. వాళ్లందరూ 'సదాశివన్నా' అని పిలుస్తున్న మనిషి నా కాలరు పట్టుకున్నాడు. "ఎవర్రా ఈ పిల్ల? చెల్లెనా, పెండ్లామా?" అన్నాడు. ఫ్రెండ్ అన్నాను. "ఫ్రెండంటే ఏందిరా? మన దిక్కు గసుంటి రిష్త లేదు" అని చెంప మీద కొట్టాడు. వాడి చేతి ఉంగరం చెవికి తగిలింది. ఆ తర్వాత అన్నీ నీళ్లలోంచి వినిపించినట్టే వినిపించాయి.

ఒక చేతిలో రాఖీ పట్టుకున్నాడు, ఇంకో చేతిలో పసుపుకొమ్ము కట్టిన దారం. "చెల్లె అయితే ఆమెతోని గిది కట్టించుకో. కాదంటే ఇది నువ్వు కట్టు. జల్ది చెప్పు" అన్నాడు. కానిస్టేబుల్ ఒకాయన చెట్టు కింద నిలబడి చూస్తున్నాడు.

నేను దారం తీసుకున్నాను. మిగతాది మీకు తెలుసు.

క్షమించమని అడిగే మొహం లేదు. క్షేమంగా ఉన్నానని ఒక్క ముక్క రాయండి.

కన్నబాబు


మల్కాజ్‌గిరి,
2 మార్చి 2004

కన్నబాబూ,

ఏడాదిగా నన్ను 'నువ్వు' అన్నవాడివి ఉత్తరంలో 'మీరు' చేశావు. మెడలో తాడు పడితే ఆడదానికి మర్యాద పెరుగుతుంది కాబోలు. నేను మాత్రం నువ్వనే రాస్తాను.

క్షేమంగా ఉన్నానా అని అడిగావు. లేను. ఆ వీడియోని న్యూస్‌లో మూడు రోజులు వేశారు. నేను తల వంచుకున్నది ఒకటికి పదిసార్లు, మెల్లగా, వెనక పెళ్లి మేళం పెట్టి మరీ చూపించారు. తల వంచుకోలేదు నేను. వెనకనుంచి ఎవడో జడ పట్టుకుని వంచాడు. అది కెమెరాలో పడలేదు.

ఆ సాయంత్రం నేను ఆటో దిగేసరికి నాన్న అప్పటికే టీవీ చూసేశారు. నన్ను ఏమీ అనలేదు. అప్పటినుంచీ ఏమీ అనడం లేదు. నీకు తెలుసుగా, మా నాన్న హెన్రీ మాస్టారు, క్లాసులో లెక్కలు చెప్పడానికి తప్ప గొంతెత్తని మనిషి. ఆదివారం గుడిలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవారు, ఇప్పుడు చివరి బెంచీలో కూర్చుని ఆఖరి పాట అవకముందే లేచి వచ్చేస్తున్నారట. అమ్మ పోయాక ఆయనకి నేనూ, నాకు ఆయనా. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయనొక్కరే.

పిన్ని ఆస్పత్రిలో నర్సు. కట్లు కోసే కత్తెర తెచ్చి ఆ దారం కోసింది. పారేయబోతే, మా గుడి పెద్ద జకర్యా గారు వకీలు, ఆయన దాచమన్నారు. ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పైన పెట్టింది. ఆ గదిలోకి నేను వెళ్లను. పిన్ని డ్యూటీకి వెళ్లేటప్పుడు బయట తాళం వేసి వెళ్తుంది. వీధిలో బైకు ఆగిన చప్పుడైతే బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నాను. అది పాల అబ్బాయి బైకని తెలిసిన తర్వాత కూడా చాలాసేపు బయటికి రాలేకపోతున్నాను. ఇదీ నా క్షేమం.

దిద్దమన్నావు. రెండున్నాయి. ఒకటి, ఆ రోజేమిటో నాకు తెలుసు. పొద్దున్నే పేపర్లో చూశాను. తెలిసే వచ్చాను. అంతకు మించి దాని గురించి ఇప్పుడేమీ అడగకు.

రెండోది. రాఖీయా, తాడా అని వాళ్లు అడిగింది నిన్ను. నన్ను ఎవరూ అడగలేదు. నువ్వూ నా వైపు చూడలేదు. చూస్తే, రాఖీ తీసుకో, గండం గట్టెక్కుదాం అని కళ్లతోనైనా చెప్పాలని నీ మొహం వైపే చూస్తూ నిలబడ్డాను.

ఎందుకు తాడు తీసుకున్నావు?

బ్యూలా


నరసన్నపేట,
13 మార్చి 2004

బ్యూలా,

నీ ఉత్తరం పొలం గట్టు మీద కూర్చుని చదివాను. ఇంట్లో చదివే ధైర్యం లేకపోయింది. జడ పట్టుకుని వంచారన్నది నాకు తెలియదు. పక్కనే ఉండి కూడా నాకు తెలియదు.

ఇక్కడ కూడా అందరూ చూశారు. బస్టాండులో టీ కొట్టువాడు నన్ను చూడగానే "టీవీలో పెళ్లికొడుకు" అని పక్కవాడికి చెప్పాడు. మా నాన్న కన్నారావు ఆర్టీసీ కండక్టరు కదా, బస్సులో ఎవరో ఆయన్ని స్వీట్లు ఎప్పుడు పెడతావని అడిగారట. ఆయన ఆ రోజునుంచి సెలవు పెట్టేశారు. శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి వెళ్తే చెవి పొర చిరిగిందన్నాడు. మెల్లగా పూడుకుంటుందట.

నువ్వడిగినదానికి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దెబ్బకి చెవి గింగురుమంది, కళ్లు బైర్లు కమ్మాయి. చేతికి దగ్గరగా ఏది ఉంటే అది తీసుకున్నాను. అంతే. దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

నువ్వు బయటికి రాకు. వాళ్లు ఇంకా మర్చిపోయి ఉండరు.

కన్నబాబు


మల్కాజ్‌గిరి,
19 ఏప్రిల్ 2004

కన్నబాబూ,

వాళ్లు మర్చిపోలేదు.

పోయిన వారం అల్వాల్‌లో మా ఇంటికి వచ్చారు. సదాశివ, ఇంకో ముగ్గురు. పళ్లెంలో పళ్లు, చీర, పసుపు కుంకుమ పట్టుకుని. నాన్న గేటు దగ్గరికి వెళ్తే, "నమస్తే అంకుల్. పిల్ల యాడుంది? అత్తగారింటికి పోయిందా? మేం పెండ్లి పెద్దలం గదా, కొత్త జంట ఎట్లున్నరో జెర చూసిపోదామని వచ్చినం" అన్నాడట, నవ్వుతూ. ఆ నవ్వు గురించి చెప్పడానికి నాన్నకి మాట రాలేదు. ఇంట్లో లేదు అన్నారట. "ఫికర్ చెయ్యకు అంకుల్, మల్ల వస్తం" అని ఆ పళ్లెం గోడ మీద పెట్టి వెళ్లిపోయారు.

నాన్న తిన్నగా బస్సెక్కి ఇక్కడికి వచ్చారు. వాకిట్లోనే నిలబడి, "అమ్మా, నాకు భయమేసింది" అన్నారు. ఫిబ్రవరి తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. నేను ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఆ రాత్రి పిన్ని వండిన అన్నం ముగ్గురం తిన్నాం. నాన్న ఆ మాట అన్నాక నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఇంట్లో నాతోపాటు భయపడే మనిషి ఒకరున్నారని.

మర్నాడు జకర్యా గారిని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. ఎస్సై మమ్మల్ని చూసి విసుక్కున్నాడు. ఎలక్షన్ల బందోబస్తు, మనుషులు లేరు, అయిపోయాక రమ్మన్నాడు. జకర్యా గారు పట్టు వదల్లేదు. అప్పుడు ఎస్సై నా వైపు తిరిగి, "చూడమ్మా, నువ్వు ఒక్కదానివి చెప్తే ఏమైతది? ఆ పిలగాడు వచ్చి కొట్టి కట్టించిన్రు అని చెప్తే కేసు. ఆయన ఏం చెప్పకుంటే పెండ్లి. మొగుడు పెండ్లాల నడుమ మేమెందుకు?" అన్నాడు.

జకర్యా గారు బయటికొచ్చాక అన్నది కూడా అదే. చట్టం ఏం చెప్పినా, నువ్వు వచ్చి వాంగ్మూలం ఇస్తే తప్ప వీళ్లు కాగితం కదపరని.

రెండు నెలలుగా నిన్ను ఏమీ చెయ్యమని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రా. నీకు భయమని తెలుసు. నాకూ భయమే. వాళ్లు మళ్లీ వస్తారు, ఈసారి గోడ దగ్గర ఆగరు.

బ్యూలా


నరసన్నపేట,
16 మే 2004

బ్యూలా,

జవాబు ఆలస్యమైంది. చెవిలో చీము పట్టి జ్వరం వచ్చింది. అది తగ్గేసరికి నాన్న కాలు బెణికింది. ఈ నెల రావడం కుదరదేమో.

ఇదంతా నిజమే, కానీ అసలు సంగతి ఇది కాదు. నీ దగ్గర దాచి ప్రయోజనం లేదు కాబట్టి రాస్తున్నాను.

అమ్మ మొదటి రెండు వారాలూ ఏడ్చింది. తర్వాత ఒకరోజు పొద్దున్న నా ముందు గంజి గ్లాసు పెట్టి, "ఏటిరా, కట్టీసినావు కదా. మరింకేటుంది? కిరస్తానీ పిల్లయితే ఏటి, టీవీలో చూసినాను కదా, లచ్చనంగా ఉంది. తీసుకొచ్చీ. పేరొకటి మార్చీసి, సింహాచలం తీసుకెళ్లి వచ్చీద్దుము" అంది. మా అమ్మ రాజులమ్మది చెడ్డ మనసు కాదు. పక్కింటి శ్యామలమ్మ గారితో 'మా కోడలు సికింద్రాబాదులో కంపెనీలో ఉజ్జోగం' అని చెప్పుకుంటోంది. నీకోసం ఒక చీర కూడా తీసి పెట్టింది. వంకాయ రంగు.

నేను ఇంకా కాదనలేదు.

స్టేషన్‌కి వచ్చి అది పెళ్లి కాదని చెబితే మళ్లీ టీవీలో వస్తుంది. సదాశివ మనుషులు మన ఇద్దరినీ వదలరు. అదే మనం ఏమీ అనకుండా ఉంటే, వాళ్లకి మనతో పనేముంది? కొన్నాళ్లకి అన్నీ సర్దుకుంటాయేమో. నాకు వైజాగులో ఉద్యోగం చూస్తున్నారు. నువ్వూ అక్కడ ఏదైనా చూసుకోవచ్చు. మీ నాన్నగారిని కూడా తెచ్చుకుందాం. నువ్వు ఒకసారి నెమ్మదిగా ఆలోచించు బ్యూలా. అంత కాని మాటా ఇది?

కన్నబాబు


మల్కాజ్‌గిరి,
27 మే 2004

కన్నబాబు గారికి,

ఇన్నాళ్లూ నాకు బైకు చప్పుడంటే భయం. మీ ఉత్తరం చదివాక మీరంటే భయమేసింది. కవరు మీద మీ చేతిరాత చూసి సంతోషపడి చించిన చేతులే, చదివాక దాన్ని మంచం మీదికి విసిరేశాయి.

పళ్లెం పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చినవాళ్లు అన్నదీ, మీరు అంటున్నదీ ఒకటే. అయిపోయింది కదా, సర్దుకో. వాళ్లు నవ్వుతూ అన్నారు. మీరు నెమ్మదిగా అన్నారు. మీరు వచ్చి నన్ను కాపాడతారని నేను అనుకోలేదు. మీరూ నాలాగే చిక్కుకున్నారని అనుకున్నాను. మీరు అందులో ఇల్లు కట్టుకుంటున్నారని తెలియలేదు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ మీద కోపం లేదు. నా పేరు బ్యూలా అని, అది మా అమ్మ పెట్టిందని, మారదని చెప్పండి.

ఇంకొకటి. చేతికి దగ్గరగా ఏది ఉంటే అది తీసుకున్నానని రాశారు. ఆ వీడియో మొన్న పిన్నితో కలిసి మొదటిసారి పూర్తిగా చూశాను. జకర్యా గారు కేసు కోసం ఎక్కడినుంచో తెప్పించారు. చూస్తున్నంతసేపూ పిన్ని నా భుజం మీద చెయ్యి తీయలేదు. మీకు దగ్గరగా ఉన్న చేతిలో రాఖీ ఉంది. మీరు దాన్ని దాటి, చెయ్యి చాచి, తాడు తీసుకున్నారు.

మీరు రాకపోయినా ఫరవాలేదు. నేను ఒక్కదాన్నే మళ్లీ వెళ్తాను. కానీ దీనికి మాత్రం జవాబు రాయండి.

బ్యూలా


నరసన్నపేట,
14 జూన్ 2004

బ్యూలా,

అవును. చెయ్యి చాచి మరీ తీసుకున్నాను.

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది పోస్టు చేశాక నువ్వు నాతో మళ్లీ మాట్లాడకపోవచ్చు. అయినా రాస్తున్నాను.

నువ్వంటే నాకు ఇష్టం. ఏడాదిగా అడగాలని, అడిగితే శనివారాలు పోతాయని భయపడి ఊరుకున్నాను. ఆ రోజు ఎలాగైనా అడగాలనే వచ్చాను. వాడు రాఖీ చూపించినప్పుడు, అది కట్టించుకుంటే ఇంకెప్పటికీ నిన్ను అడగలేనని అనిపించింది. అది ఒక్క క్షణమే. అప్పుడు తాడు కనబడింది. నేను అడగలేకపోయినదాన్ని ఎవరో తెచ్చి నా చేతిలో పెడుతున్నట్టు అనిపించింది. అంత దెబ్బలోనూ, అంత భయంలోనూ, నాలో ఎక్కడో ఒక చిన్న సంతోషం కదిలింది బ్యూలా. నీ జడ ఎవడో పట్టుకుని వంచుతున్నప్పుడు నాలో సంతోషం. సదాశివ ఉంగరం కన్నా, వాడి బైకుల కన్నా, నాకు ఆ సంతోషమంటే ఎక్కువ భయం. ఇక్కడికి పారిపోయి వచ్చింది వాళ్ల నుంచి మాత్రమే కాదు.

అందుకే అమ్మ 'కోడలు' అంటే ఊరుకున్నాను. వినడానికి బాగుంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు అమ్మ వసారాలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని, "అది పెళ్లి కాదే అమ్మా. ఆ పిల్లని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు" అన్నాను. అమ్మ చేట కదుపుతూ, "నన్ను మాత్రం ఎవులడిగినారేటి? మీ నాన్నని పీటల మీదే చూసినాను" అంది. చేటలో ఏరడానికి ఇంకేమీ లేకపోయినా ఏరుతూనే ఉంది. తర్వాత, "నీకు గాని చెల్లెలుండి, దాన్ని ఎవులైనా అలగ చేసుంటే నువ్వు చూస్తూ కూకుంటావా?" అంది. లేదన్నాను. "అయితే మరి వెళ్లీ. వెళ్లి చెప్పీసి రా" అంది. వంకాయ రంగు చీర లోపల పెట్టేసింది.

ఎప్పుడు రమ్మంటావో రాయి. నాకు ఇంకా భయమే, ముందే చెబుతున్నాను. కానీ వస్తాను.

కన్నబాబు


మల్కాజ్‌గిరి,
5 జూలై 2004

కన్నబాబూ,

నీ ఉత్తరానికి ఏం రాయాలో నాకు తెలియదు. కోపం వచ్చింది. నిజం రాశావని కూడా అనిపించింది. రెండూ ఉన్నాయి, ఏది ముందో తేలలేదు. అందుకని పని సంగతి మాత్రం రాస్తున్నాను.

ఈ నెల 23, శుక్రవారం. ఎస్సై రమ్మన్నాడు. రైలు దిగాక మొదటి ప్లాట్‌ఫాం వైపు రాకు, ఆ ముందున్న ఆటోస్టాండు దగ్గర వాళ్ల మనుషులు తిరుగుతుంటారట. వెనక బోయిగూడ వైపు దిగు. జకర్యా గారు గొడుగు పట్టుకుని ఉంటారు. ఆయనతో నేరుగా పోలీస్ స్టేషన్‌కి వచ్చెయ్. నేనూ నాన్నా అక్కడికే వస్తాం. మనం మాట్లాడుకోనవసరం లేదు.

రాలేకపోతే ముందే రాయి. వస్తానని రాకపోతే నేను తట్టుకోలేను.

బ్యూలా


మల్కాజ్‌గిరి,
1 ఆగస్టు 2004

కన్నబాబూ,

నువ్వు నన్ను చూడకుండానే వెళ్లిపోయావు. తల వంచుకుని నా ముందునుంచే నడిచావు. నీ చెవి దగ్గర మచ్చ కనబడింది. చాలా చిక్కిపోయావు.

నీకు తెలియనివి కొన్ని చెప్పాలి.

ఎస్సై నిన్ను లోపలికి పిలిచి మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమన్నాడు కదా. ఆ తలుపు సరిగ్గా పడదు. మాకు అంతా వినబడింది. నువ్వు మొదట్లో ఏం మాట్లాడుతున్నావో అర్థం కాలేదు, గొంతు అంత వణికింది. వాంగ్మూలం రాసుకుంటున్న రైటరు రెండుసార్లు "జెర గట్టిగ చెప్పవయ్యా" అన్నాడు. నువ్వు మనసు మార్చుకుంటావని, అవును పెళ్లే అంటావని భయమేసింది. నీ ఉత్తరంలోని ఆ సంతోషం గుర్తొచ్చింది. ఒక్క మాట అంటే చాలు, నీకు కావలసింది నీకు దొరుకుతుంది. లోపల ఉన్నవాళ్లంతా ఆ మాట కోసమే చూస్తున్నారు.

ఎస్సై అడిగాడు. "సీదా చెప్పు. ఆ అమ్మాయి నీ భార్యేనా?"

"కాదు సార్" అన్నావు.

"కట్టినవు గదా?"

"కట్టాను సార్. కొట్టి కట్టించారు. ఆమె ఒప్పుకోలేదు. ఆమెని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అది పెళ్లి కాదు."

"నీకు సుత ఇష్టం లేకుండెనా మరి?"

ఫ్యాను చప్పుడు ఒకటే. తర్వాత నువ్వు అన్నావు: "నా ఇష్టం సంగతి అందులో రాయకండి సార్."

నాన్న కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూనే ఉన్నారు. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఏడుపు కాదు. ఫిబ్రవరి నుంచి నా మెడ చుట్టూ బిగుసుకుని ఉన్నది ఒకటి, పిన్ని కత్తెరకి తెగనిది, ఆ 'కాదు సార్' అన్నప్పుడు సడలింది. నువ్వు నాకు ఏమీ కావని నువ్వే చెబుతుంటే నేను నీకు అంత దగ్గరగా ఎప్పుడూ లేను.

నువ్వు బయటికి వెళ్లేసరికి పాన్‌డబ్బా దగ్గర వాళ్లు బైకుల మీద కూర్చుని ఉన్నారు. "ఓ పెండ్లికొడుకా! పెండ్లాన్ని ఇడిచి పోతున్నవా?" అని అరిచారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. నువ్వు ఆగిపోయావు. జకర్యా గారు ఇంకా లోపలే సంతకాలు పెడుతున్నారు. అప్పుడు నాన్న లేచారు. ఆయన లేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. వెళ్లి నీ పక్కన నిలబడ్డారు. ఇద్దరూ వాళ్ల మధ్యలోంచే ఆటో దాకా నడిచారు. ఎవడో బైకు ఎక్సలేటరు గట్టిగా తిప్పాడు, మీ ఇద్దరి భుజాలూ ఒక్కసారే ఉలిక్కిపడడం చూశాను. అయినా పరుగెత్తలేదు.

తిరిగొచ్చాక నాన్న మంచినీళ్లు అడిగారు. గ్లాసు పట్టుకోలేకపోయారు. "ఆ అబ్బాయి చెయ్యి కూడా ఇలాగే వణుకుతోందమ్మా" అన్నారు.

సదాశివనీ ఇంకో ఇద్దరినీ మర్నాడు తీసుకెళ్లారు. బెయిలు వచ్చేస్తుందని జకర్యా గారు ముందే చెప్పారు, వచ్చేసింది. కానీ అల్వాల్ ఇంటికి మళ్లీ రాలేదు. నేను మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాను. చున్నీ మొహానికి చుట్టుకుని బస్సెక్కుతున్నాను. నిన్న బస్సులో ఒకావిడ నన్ను పట్టి పట్టి చూసి, దిగేముందు, "నువ్వేనా బిడ్డా? మంచిగ చేసినవ్" అని నా చెయ్యి నొక్కి దిగిపోయింది. మంచి మాటకి కూడా భయపడుతున్నాను ఇప్పుడు.

చెవికి మందు మానకు.

బ్యూలా


విశాఖపట్నం,
2 ఫిబ్రవరి 2005

బ్యూలా,

వైజాగులో ఉద్యోగం కుదిరిందని సుధ ద్వారా నీకు తెలిసే ఉంటుంది. ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు ఇవ్వలేదు. ఏం రాసినా దాన్ని పాడు చేసినట్టు అవుతుందనిపించింది.

కోర్టు నుంచి కాగితం వచ్చింది. మన వాయిదా 15న. నేను 14 పొద్దున సికింద్రాబాదులో దిగుతాను. టికెట్ తీసుకున్నాకే అది ఏ తారీఖో చూసుకున్నాను.

ఇక్కడ బీచ్ రోడ్డులో కూడా మొన్న నలుగురు కుర్రాళ్లు కాగితాలు పంచారు, ఆ రోజు జంటలు కనబడితే ఊరుకోమని. ఆ కాగితం ఆఫీసులో అందరూ నవ్వుకుంటూ చదువుతున్నారు. నేను మేడ మీదికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను. నువ్వు ఆ రోజు సెలవు పెట్టు. పిన్ని గారింట్లోనే ఉండు, దయచేసి.

ఇంకొకటి అడగాలని ఉంది. నిన్ను చూడాలని ఉంది. వద్దంటే నేరుగా లాడ్జికి వెళ్లి మర్నాడు కోర్టుకి వస్తాను. దానికి నేనేమీ అనుకోను.

కన్నబాబు


అల్వాల్,
8 ఫిబ్రవరి 2005

కన్నబాబూ,

అడ్రసు మారింది, చూసుకో. క్రిస్మస్ తర్వాత నాన్న దగ్గరికి వచ్చేశాను. ఆయన గేటుకి కొత్త గొళ్లెం పెట్టించారు. సాయంత్రం నేను వచ్చే వేళకి బస్టాపు దాకా వస్తారు, కూరగాయలకి వచ్చానని చెబుతారు. చేతిలో సంచీ ఉండదు.

సెలవు పెట్టను. ఆఫీసులో ఆడపిల్లలు సగం మంది పెడుతున్నారు. సుధకి పెళ్లి కుదిరింది, కాబోయే ఆయన ఆ రోజు బయటికి తీసుకెళ్తానంటే, నా మొహం చూసి వద్దందట. అది విని నాకు కష్టంగా అనిపించింది. నావల్ల ఇంకొకరు ఇంట్లో కూర్చోవడం నాకిష్టం లేదు. వెళ్లమన్నాను. పిన్నేమో ఆ రోజు డ్యూటీ మార్చుకుని నన్ను ఆఫీసు దాకా దింపుతానంటోంది. దింపనీ.

నాకు భయం పోలేదు. ఈ నెల మొదలైనప్పటినుంచీ నిద్రలో జడ పట్టుకున్నట్టై లేస్తున్నాను. జుట్టు కత్తిరించుకుందామా అని కూడా అనుకున్నాను. తర్వాత మానేశాను.

నన్ను చూడొచ్చా అని అడిగావు. రావచ్చు. పార్కుకి కాదు. ఎవరికీ కనబడకుండా ఏ మూలకో కూడా కాదు. ఆఫీసు అయ్యాక, క్లాక్ టవర్ దగ్గర ఇరానీ హోటల్లో, ఎప్పుడూ జనం ఉంటారు చూడు, అక్కడ కూర్చుందాం. నాన్నకి చెప్పాను. ఏమీ అనలేదు, కానీ ఈసారి ఆయన ఏమీ అనకపోవడం వేరేలా ఉంది.

ఇద్దరం ఎక్కువసేపు తలుపు వైపే చూస్తూ కూర్చుంటామేమో. చూద్దాం. బైకు ఆగితే ఉలిక్కిపడతామేమో. పడదాం. ఎవరైనా వచ్చి మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని అడిగితే, ఇంకా తేల్చుకోలేదని నేను చెబుతాను. నువ్వు మాట్లాడకు.

నువ్వు నన్ను అడగాల్సింది ఏదైనా ఉంటే అడుగు. నేను అక్కడికక్కడే ఏమీ చెప్పను. అవునో కాదో నాకే తెలియదు. నీ జూన్ ఉత్తరం తీసి చదివిన రోజు ఒకలా ఉంటుంది, ఆ స్టేషన్ బెంచీ తలుచుకున్న రోజు ఇంకోలా ఉంటుంది. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను. నువ్వు చాయ్ తాగి, అడిగి, లాడ్జికి వెళ్లిపోవాలి.

పువ్వులూ కార్డులూ ఏమీ తేవద్దు. ఆ రోజు రైల్వే స్టేషన్ దగ్గర చేతిలో ఏం కనబడినా వాళ్లు పట్టుకుంటారు. ఖాళీ చేతులతో రా.

బ్యూలా